పుట్టింటి మన్ను వద్దన్న శ్రేష్ఠి

మోకాలి లోతు నీళ్ళలో మనిషి మునిగిపోవడం ఎవరైనా చూశారా? కైరవుడు చూశాడు. చూసి కూడా నమ్మలేక, నోరు తెరుచుకుని గట్టుమీద అలాగే నిలబడిపోయాడు.

అంతకు ఒక్క క్షణం ముందు అతని అక్క చెంగల్వ ఆ కొలనులోకి వంగింది. పాదాలు గట్టుమీదే ఉన్నాయి. కుచ్చిళ్ళు నడుమున దోపుకుని, గుప్పెట్లో తడి మన్ను పట్టుకుని, మోచేతి దాకా చెయ్యి నీళ్ళలోకి దించింది. అంతే. లోపలినుంచి ఎవరో ఆ చెయ్యి పట్టి గుంజినట్టు తలకిందులుగా జారిపోయింది. కేక లేదు. నీళ్ళు చిందను కూడా లేదు. తామరాకుల మీద నీటిబొట్లు ఇటునుంచి అటు దొర్లి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కుదురుకున్నాయి.

కైరవుడు దూకాడు. నీళ్ళు మోకాలికి వచ్చాయి. చేతులతో దేవాడు, కాళ్ళతో తొక్కాడు, అడ్డమొచ్చిన ఆకులన్నీ చీల్చి పారేశాడు. అడుగున గట్టి నేల, దానిమీద జానెడు బురద. ఆ బురదలో చేపపిల్ల దాక్కోవడానికే చోటు లేదు. అలాంటప్పుడు నిలువెత్తు మనిషి ఎక్కడికి పోయినట్టు?

అతణ్ణి ఆ నీళ్ళలోనే కాసేపు వెతకనిచ్చి, ఆ ఊరి సంగతి రెండు ముక్కలు చెబుతాను. కల్హార రాజ్యానికి రాజధాని సారసపురం. ఆకాశాన్ని ఒరుసుకునే బురుజులు, వరుసలు తీరిన ప్రాకారాలు, మొసళ్ళు తిరిగే కందకం, పచ్చలు తాపిన సింహద్వారం, దానిమీద రెక్కలు విప్పిన బంగారు హంసలు. ఇవన్నీ ఏ రాజధానికైనా ఉంటాయి, వీటిని చూసి మురవడానికి ఈ ఊరే రానక్కర్లేదు. సారసపురం గొప్పంతా పెరళ్ళలో ఉంది. అంతఃపురం మొదలుకొని పూరిగుడిసె దాకా ప్రతి ఇంటి వెనకా ఒక కొలను ఉంటుంది. కలిగినవాళ్ళకి పాలరాతి మెట్లతో, లేనివాళ్ళకి మట్టి గాబులో. పొద్దు పొడుస్తూనే ఊరంతా తెల్లతామరలూ ఎర్రతామరలూ కళ్ళు తెరుస్తాయి. అవి ముడుచుకునే వేళకి కలువలు అందుకుంటాయి. అక్కడివాళ్ళు ఒకరినొకరు పలకరించుకునేటప్పుడు ‘అన్నం తిన్నారా’ అని అడగరు, ‘మీ మొగ్గ ఎంతవరకూ వచ్చింది’ అని అడుగుతారు.

ఆ పెరళ్ళన్నిటికీ ఏటా తొలకరిలో కొత్త దుంపలు తెచ్చి నాటేది తూడులంకవాళ్ళు. కైరవుడిదీ చెంగల్వదీ ఆ లంకే. తల్లీ తండ్రీ లేని తమ్ముణ్ణి చెంగల్వే పెంచింది. గునపం తగలనీయకుండా దుంపను వేళ్ళతో తవ్వి తీయడం, తడిగోనెలో చుట్టడం, పడవలో పసిబిడ్డలా పడుకోబెట్టి తేవడం, అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. తామర దుంప చివర కొమ్ములాంటి మొన ఒకటి ఉంటుంది. చిగురొచ్చేది అక్కడినుంచే. అది విరిగిందా, లోపలికి నీళ్ళు దిగి దుంప మొత్తం కుళ్ళిపోతుంది. తెలిసి మొన విరిచినవాడి ఇంట తూడులంకలో ఎవరూ మంచినీళ్ళయినా ముట్టరు.

ఇంకో ఆచారం కూడా ఉంది. దుంపతో పాటు అది పెరిగిన కొలను మన్ను గుప్పెడు తెచ్చి, దాని పక్కనే పెట్టి రావాలి. అత్తింటికి వెళ్ళే పిల్లకి ఒడిబియ్యం పోసినట్టన్నమాట. పుట్టింటి మన్ను అంటారు దాన్ని. కొన్నవాళ్ళు దాన్ని కళ్ళకద్దుకుని మరీ తీసుకుంటారు. వద్దన్నవాడు ఆ దేశంలో అంతవరకూ పుట్టలేదు.

ఈ ఏడు తొలకరిలో ఒకాయన వద్దన్నాడు. ఆయనే నగరశ్రేష్ఠి వసుగుప్తుడు. దుంపలు తీసుకుని, మన్ను అక్కర్లేదమ్మా, మా కొలనులో కావలసినంత ఉంది అని నవ్వి పంపేశాడు. చెంగల్వకి అది ముల్లులా గుచ్చుకుంది. ఆ గుప్పెడు మన్నునూ తడిగుడ్డలో కట్టి ఇన్నాళ్ళూ దాచింది. ఇప్పుడు మొగ్గలు విచ్చే వేళయింది కదా, శ్రేష్ఠిగారు వద్దన్నా దుంప వద్దనలేదు, పెట్టి వచ్చేద్దాం అని తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. వచ్చిన పని అలా అయింది.

శ్రేష్ఠి అదంతా చూస్తూనే ఉన్నాడు. వెనక వసారాలో, పట్టు పరుపు మీద, శాలువా నిండా కప్పుకుని కూర్చుని ఉన్నాడు. కైరవుడు ఒళ్ళంతా బురదతో పరుగెత్తుకెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర పడ్డాడు. మా అక్క మునిగిపోయింది, మనుషుల్ని పిలిపించండి, నీళ్ళు తోడించండి అని వేడుకున్నాడు.

శ్రేష్ఠి ముఖంలో చిరునవ్వు చెక్కు చెదరలేదు. “ఏ అక్క నాయనా? నువ్వొక్కడివే కదా వచ్చావు.”

మనిషి మాయం కావడం ఒక ఎత్తు. కళ్ళారా చూసిన పెద్దమనిషి చూడలేదనడం ఇంకో ఎత్తు. మెట్టుమీద అక్క విడిచిన చెప్పులు ఉన్నాయని చూపించబోయాడు. మెట్టుమీద ఏమీ లేదు. చెప్పులు కూడా పోయాయి.

“పాపం, కుర్రవాడికి మతి చలించింది,” అన్నాడు శ్రేష్ఠి శాలువాలోంచి చేతులు బయటికి తీయకుండానే. “పట్టుకోండి. రేపు పొద్దున పువ్వు విచ్చేదాకా కట్టేసి ఉంచండి. తరువాత ఎక్కడికి పోయినా మనకి పరవాలేదు.”

ఆ చివరి మాటకి అర్థమేమిటో కైరవుడికి తెలియలేదుగానీ, కత్తులు దూసిన భటుల అర్థం బాగానే తెలిసింది. ముందొచ్చినవాడి ముఖాన గుప్పెడు బురద కొట్టాడు. రెండోవాడు జారుడు మెట్టుమీద కాలేసి కొలనులో వెల్లకిలా పడ్డాడు. మూడోవాడి ఈటె తన చెవి పక్కనుంచి పోయి పనసచెట్టుకి గుచ్చుకుంటే, ఆ ఈటెనే మెట్టు చేసుకుని కొమ్మ ఎక్కి, కొమ్మమీంచి గోడ, గోడమీంచి వీధి. కింద విస్తరాకుల బండి ఒకటి పోతోంది. అందులో పడి ఆకులు మీదికి లాక్కున్నాడు. బండివాడు వెనక్కి చూసే లోపల భటులు గుర్రాలెక్కి వెంటబడ్డారు. గుర్రాల సకిలింపులకి బండి ఎద్దులు బెదిరి పరుగు లంకించుకున్నాయి. సంత దాటి, ఏనుగుల సాల దాటి, మలుపు తిరుగుతూ బండి కుమ్మరి వీధిలో బోర్లాపడింది. ఆకుల కుప్ప ఒక దిక్కు, కైరవుడు ఇంకో దిక్కు. అతను పడ్డ దిక్కున మట్టి గోడ ఒకటి ఉంది. దాన్ని దూకి అవతల పెరట్లో పడ్డాడు.

ఆ పెరడు నాగవ్వది. ముసలిది, ఒంటరిది. కొలను తవ్వించే స్తోమత లేక, పూర్వం పశువుల కుడితికి వాడిన మట్టి గాబులో నీళ్ళు పోసి ఒకే ఒక్క దుంప వేయించుకుంది. వేసింది చెంగల్వే. ఆవేళ నాగవ్వ ఆ గాబు ముందు చతికిలబడి రెప్ప వేయకుండా చూస్తూ ఉంది. గోడ దూకి పడిన మనిషిని చూసి ఉలికిపడను కూడా లేదు. అంతకన్నా పెద్ద వింత అప్పటికే చూసిందని కైరవుడికి తెలియదు.

“వచ్చావా నాయనా,” అంది నీరసంగా. “ఇందాక ఇందులోంచి చెయ్యి వచ్చింది.”

కైరవుడు గాబు దగ్గరికి వచ్చి లోపలికి తొంగి చూశాడు.

“ఆడమనిషి చెయ్యి. ఆకు పట్టుకుంది, గాబు అంచు తడుముకుంది. నేను పట్టుకునే లోపలే లోపలికి పోయింది. గాబు జరిపి కింద చూశాను. నేలే ఉంది నాయనా. చీమల పుట్ట ఉంది. ఇంకేమీ లేదు.”

ఆమె కొంగులోంచి పచ్చ గాజు ముక్క ఒకటి తీసి చూపించింది. అది చెంగల్వ గాజు. కైరవుడు ఆ ముక్కను పట్టుకుని గాబు వంక, ఊరి అవతలి కొసన ఉన్న శ్రేష్ఠి మేడ వంక మార్చి మార్చి చూశాడు. అక్కడ మునిగిన మనిషి ఇక్కడ తేలడమేమిటి? నడుమ ఎన్ని వీధులు, ఎన్ని ఇళ్ళు? ఆ ఇళ్ళన్నిటిలోనూ తామే వేసిన దుంపలు, తామే పెట్టిన మన్ను.

మన్ను అనుకోగానే అది ఎక్కడినుంచి వచ్చిందో అతనికి గుర్తొచ్చింది.

ఈ ఏడు తూడులంకలో దుంపలన్నీ ఒక్కసారిగా కుళ్ళిపోయాయి. ఏం చేయాలో తోచక లంకంతా ఏడుస్తున్న వేళ, ముఖానికి గుడ్డ కట్టుకున్న వర్తకుడొకడు పడవలో వచ్చాడు. ఎవరూ ఎన్నడూ చూడని నీలి తామర దుంపలు ఇచ్చాడు. చేతులు గోనెసంచిలోంచి బయటికి తీయకుండానే బేరం ముగించాడు. పుట్టింటి మన్ను మాత్రం మరిచిపోకండి అని మరీ మరీ చెప్పి, పడవ నిండా మన్ను ఇచ్చి పోయాడు. పరాయివాడికి కూడా మన ఆచారం మీద ఎంత గౌరవమో అని లంకవాళ్ళు పొంగిపోయారు. ఆ మన్నునే కైరవుడూ అక్కా ఇంటింటికీ గుప్పెడు చొప్పున మోశారు. సారసపురంలో ప్రతి పెరట్లోనూ ఇప్పుడు ఒకే కొలను మన్ను ఉంది. తొలకరిలో వేళ్ళు పారలేదు కనక ఏమీ కాలేదు. ఇప్పుడు పారాయి. ఏ పెరటి మన్ను గుప్పెట్లో పట్టుకుని నీళ్ళలో చెయ్యి పెట్టినా, ఆ మన్ను మనిషితో సహా పుట్టింటికి పోతుంది.

శ్రేష్ఠికి మన్ను ఎందుకు అక్కర్లేదో కూడా అప్పుడే తెలిసింది. పుట్టిల్లు ఆయన పెరడే.

వీధిలో గుర్రాల డెక్కలు వినిపించాయి. కైరవుడు గాబులో చెయ్యి పెట్టి దుంప పక్కన మన్ను గుప్పెడు తీశాడు. నాగవ్వ, గాబు పగలగొట్టనా నాయనా అని అడిగింది. వద్దవ్వా, మేము తిరిగి రావలసింది ఇందులోంచే అన్నాడు. అని, ఎద్దు మూతి మాత్రమే పట్టే ఆ గాబులోకి తల వంచి దూకాడు. తల దూరింది, భుజాలు దూరాయి, నడుము దూరింది, కాళ్ళు దూరాయి. భటులు పెరట్లోకి వచ్చేసరికి నాగవ్వ గాబును రెండు చేతులా వాటేసుకుని కూర్చుని ఉంది. ముసలిది నీళ్ళలో తన మొహం చూసుకుంటోందని నవ్వుకుంటూ పోయారు.

కైరవుడు పడ్డ చోటు చూస్తే మీరూ నేనూ అయితే అక్కడే గుండె ఆగి పడిపోయేవాళ్ళం.

నీళ్ళు కింద లేవు, పైన ఉన్నాయి. కనుచూపు మేర ఆకుపచ్చని నీరు కప్పులా పరుచుకుని, ఒక్క చుక్క కిందికి రాలకుండా నిలిచి ఉంది. దానిలోంచి తామర వేళ్ళు జడల్లా వేలాడుతున్నాయి. నీటి కప్పులో అక్కడక్కడ గుండ్రంగా వెలుగు కిటికీలు. ఒక్కో కిటికీ ఒక్కో పెరడు. ఒకదానిలో ఎవరో ఇల్లాలు గిన్నెలు తోముతోంది. ఇంకోదానిలో పిల్లి నీళ్ళు తాగుతోంది. మరోదానిలో, ముత్యాల తోరణాల నడుమ, సాక్షాత్తూ మహారాజు పళ్ళు తోముకుంటున్నాడు. ఊరు ఊరంతా తలమీద నడుస్తోంది. కింద ఏముందో ఎవరికీ తెలియదు.

కింద అంతా బురద మడి. ఆ మడిలో ఏవో గుండ్రంగా, వరుసలు తప్పకుండా నాటి ఉన్నాయి. దుంపలేమో అనుకుని కైరవుడు వంగి చూశాడు. తలకాయలు. ఇనుప శిరస్త్రాణాలు పెట్టుకున్న మనుషుల తలకాయలు, మెడ దాకా పూడి, కళ్ళు మూసుకుని ఉన్నాయి. చూపు ఆనినంత దూరం అవే. ముక్కుల దగ్గర బురద బుడగలు పొంగుతున్నాయి. అంటే ఊపిరి తీస్తున్నారు. అతను కేక వేయబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“తమ్ముడూ,” అని వినిపించింది.

మడి నడుమ తాటిమాను అంత లావున తల్లిదుంప ఒకటి అడ్డంగా పడుకుని ఉంది. దాని వేరు చెంగల్వ చీలమండను చుట్టుకుని ఉంది. కైరవుడు తలకాయల మధ్యనుంచి అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి అక్కను వాటేసుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. కానీ ఏడవడానికి అక్కడ ఎక్కువ వ్యవధి లేదు.

చెంగల్వ గబగబా చెప్పింది. ఇది శైవాలుడి సేన. పెద్దరాజుగారి కాలంలో దేశంనుంచి వెళ్ళగొట్టిన మాంత్రికుడే ఆ శైవాలుడు. ఇందాక వేళ్ళ నీడలోంచి వచ్చి ఒక్కొక్క తలనూ నిమురుతూ, రేపు పొద్దున పువ్వు విచ్చగానే లేవండి, ప్రతి పెరట్లోనూ లేవండి అని చెవిలో చెప్పి పోయాడు. ముఖం కనబడలేదు, చేతులు మాత్రం చూసింది. బాతు కాలికి ఉన్నట్టు వేళ్ళ నడుమ పొర. శైవాలుడి చేతులు అలా ఉంటాయని లంకలో ముసలివాళ్ళు చెప్పగా విని ఉంది. తాను కాడ పట్టుకుని పైకి పాకితే ఎవరిదో గాబు అంచు చేతికి తగిలింది, అంతలో వేరు వెనక్కి గుంజేసింది.

కైరవుడికి కోట గోడలు గుర్తొచ్చాయి. అన్ని ప్రాకారాలు, అంత కందకం, అన్ని మొసళ్ళు. శత్రువు మాత్రం ప్రతి ఇంట్లోనూ వంటింటి వెనకనుంచి వస్తాడు. ఆ దారి వేసింది తన చేతులే. మొలలో కత్తి తీసి వేరును నరికాడు. నరికిన చోట మళ్ళీ అతుక్కుంది.

“అలా తెగదు,” అంది చెంగల్వ. “మొన విరుచు.”

తల్లిదుంప కొసన మొన నీలిగా మెరుస్తోంది. కైరవుడు దానిమీద చెయ్యి వేసి వెనక్కి తీసేసుకున్నాడు. అది విరిస్తే వేళ్ళన్నీ చస్తాయి. దారులన్నీ మూసుకుంటాయి, నాగవ్వ గాబు కూడా. ఆ సంగతి అక్కకి మాత్రం తెలియదా?

“మనం ఎలా పోతామక్కా?”

“ముందు ఊరు బతకనీ. నీకు ఉగ్గు పట్టినదాన్ని చెబుతున్నాను, విరుచు.”

పుట్టి బుద్ధెరిగాక మొన విరవని చెయ్యి అది. కైరవుడు కళ్ళు మూసుకుని విరిచాడు. పటుక్కుమంది. పాలు చిమ్మాయి. ఎక్కడో చాలా లోతున పసిపాప ఏడ్చినట్టు చప్పుడైంది. చెంగల్వ కాలిమీది వేరు సడలి ఊడిపోయింది.

తలమీద కిటికీలు ఆరిపోసాగాయి. గిన్నెలు తోముతున్న ఇల్లాలు ఆరిపోయింది. మహారాజు పుక్కిలిస్తూనే ఆరిపోయాడు. ఒక కిటికీలో నాగవ్వ ముఖం ఉంది. గాబులోకి వంగి, నాయనా నాయనా అని పిలుస్తున్నట్టు పెదవులు కదులుతున్నాయి. అక్కా తమ్ముడూ ఆమె వైపు పరుగెత్తారు. చేతికి అందబోతూ ఉండగా అదీ నల్లబడింది. కైరవుడు ఆ చీకటి వంక చూసి బావురుమన్నాడు.

ఒక్కటే మిగిలింది. తల్లిదుంపకి నేరుగా పైన, పాలరాతి మెట్లున్న కిటికీ. పుట్టిల్లు కదా, కుళ్ళు చివరికి అక్కడికి చేరుతుంది. ఆ మెట్లమీద వసుగుప్త శ్రేష్ఠి నిలబడి ఉన్నాడు. మొట్టమొదటిసారిగా ముఖంలో నవ్వు లేదు. శాలువా విసిరేసి, నీళ్ళలోకి చెయ్యి దించాడు. వేళ్ళ నడుమ పొర ఉంది.

“ఆ చెయ్యే,” అంది చెంగల్వ. ఊరంతటికీ తలలో నాలుకలా మెలిగిన శ్రేష్ఠి, తూడులంకకి వచ్చిన వర్తకుడు, శైవాలుడు ముగ్గురూ ఒక్కడే.

“పాలు ఆరకముందే మొన ఇచ్చేయ్ అబ్బీ, మళ్ళీ అతుకుతుంది,” అన్నాడు శైవాలుడు. “మీ అక్కను పైకి లాగుతాను. నిన్నూ లాగుతాను. అక్క ముఖం చూసి ఆలోచించుకో.”

కైరవుడు అక్క ముఖం చూశాడు. ఇంతసేపూ వెతికింది ఆ ముఖం కోసమే. చెయ్యి అందుకుంటే చాలు, ఇద్దరూ ఎండలోకి పోతారు. చెంగల్వ చీర కొంగు నడుముకి బిగించి, దుంప నాటే ముందు నిలబడే తీరుగా కాళ్ళు ఎడం చేసి నిలబడింది. తమ్ముడికి అది చాలు.

అతను ఎడమచేత మొన చూపిస్తూ, కుడిచేత్తో శైవాలుడి మణికట్టు అందుకున్నాడు. చెంగల్వ మోచెయ్యి దగ్గర పట్టుకుంది. దేన్నయినా బురదలోకి దించడం ఆ ఇద్దరికీ ఎవరూ నేర్పనక్కర్లేదు. ఒక్క గుంజు గుంజారు. మాంత్రికుడు పట్టుబట్టలతో, మెడలో హారాలతో సహా నీటి కప్పులోంచి ఊడివచ్చి మడిలో మొహం బోర్లా పడ్డాడు. పైన ఆఖరి కిటికీ ఆరిపోయింది.

కటిక చీకటి. అందులో ముందుగా వినిపించింది శైవాలుడి గొంతే, అదీ వణుకుతూ. లేవకండి, లేవకండి అంటున్నాడు. ఎవరితో అంటున్నాడో ఆ వెంటనే తెలిసింది. మడిలో ఒక జత కళ్ళు తెరుచుకున్నాయి, పిల్లి కళ్ళలా వెలుగుతూ. తరువాత ఇంకో జత. తరువాత వరుస వెంట వరుస, మడి చివరిదాకా.

“వాడి మాట వినకండి,” అని అరిచాడు మాంత్రికుడు. “మొన పట్టినవాడి మాటే వింటామని మీచేత ప్రమాణం చేయించింది నేను.”

ఏ కళ్ళూ అతని వైపు తిరగలేదు. అన్నీ కైరవుడి ఎడమచేతినే చూస్తున్నాయి. బురద పగిలి భుజాలు లేచాయి, ఆయుధాలు లేచాయి. ముందు వరుసలోని ఒకడు మోకాలిమీద వంగి, నోట్లోంచి మన్ను ఉమ్మి, ఏలినవారి ఆజ్ఞ ఏమిటని అడిగాడు.

చెంగల్వ ఆ కళ్ళ వెలుగులో తమ్ముడి చేతిలోకి వంగి చూసింది. మొన కొస అప్పుడే నల్లబడడం మొదలుపెట్టింది. అది పూర్తిగా కుళ్ళేదాకానే ఈ సేన మాట వింటుంది.